అడిగిందే తడవుగా నొప్పి బిళ్ల.. అడగాల్సిన ప్రశ్న మాత్రం లేదు

బరంపురంలో సాయంత్రం ఏడు దాటాక ఏ మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడినా ఒక సంగతి తెలుస్తుంది. డాక్టరు చీటీతో వచ్చేవారు కొందరే. మిగతావారి చేతిలో ఉండేది పదో ఇరవయ్యో నోటు, నోట్లో ఒక్క మాట. "బావూ, ఒళ్లు పీకులకి రెండు బిళ్లలియ్యి." షాపతను తలెత్తకుండానే కత్తెర తీస్తాడు. స్ట్రిప్పులోంచి రెండు బిళ్లలు కత్తిరిస్తాడు. వాటితో పాటు గ్యాస్ బిళ్ల ఒకటి కలిపి కాగితం కవర్లో పడేస్తాడు. అర నిమిషం పని. ఇద్దరి మధ్యా నడిచిన మాటలు పట్టుమని పది ఉండవు. గిరి రోడ్డులోనే కాదు, అటు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజార్లలోనూ ఇదే తంతు.

"డాక్టరు చీటీ లేకుండా మందులు వాడరాదు" అని ప్రభుత్వం చెబుతుంది, డాక్టర్లు చెబుతారు, పేపర్లు రాస్తాయి. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ మాట చెప్పి ఊరుకోవడం సులువు. గుంట మగ్గంలో కాళ్లు దింపుకుని పొద్దస్తమానం కూర్చునే పట్టు నేతగాడికి నడుం నొప్పి రావడం వింత కాదు, రాకపోతేనే వింత. బరంపురం అప్పడాలకు ఎక్కడెక్కడో పేరుంది. ఆ పేరు వెనక పీట ముందు కూర్చుని రోజంతా కర్ర తిప్పే ఆడవాళ్ల భుజాలున్నాయి, మణికట్లున్నాయి. గోపాల్‌పూర్, అర్జిపల్లి ఒడ్డున ఉండే తెలుగు మత్స్యకారులు.. ఒడియా వాళ్లు నోలియాలని పిలిచేది వీరినే.. తెల్లారక ముందే వేటకు పోతారు, ఎండ నడినెత్తికి వచ్చాక ఒడ్డుకు చేరతారు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు పోయి వచ్చే కుర్రాళ్లు పన్నెండు గంటల షిఫ్టుల నొప్పిని అక్కడి నుంచే మోసుకొస్తారు. వీళ్లలో ఎవరికైనా ఆస్పత్రికి వెళ్లడమంటే ఒక రోజు కూలి పోవడం. ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరు గది ముందు ఒక లైను, మందుల కిటికీ దగ్గర మరో లైను. 2015లో ఒడిశా ప్రభుత్వం నిరామయ పథకం తెచ్చి సర్కారు ఆస్పత్రుల్లో మందులు ఉచితం చేసింది. మేలైన పనే. మందు ఉచితమైంది గానీ, పోయిన కూలి ఎవరూ ఇవ్వరు కదా.

దీనికి తోడు సరిహద్దుకు ఇవతలున్న తెలుగువారికి ఇంకో చిక్కుంది. నొప్పి చెప్పుకోవడానికి భాష కావాలి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం అందులోకి వచ్చిన నాటి నుంచి తరాలు మారాయి. ఇక్కడి తెలుగువాళ్లకు ఒడియా రాదని కాదు. బజారులో బేరమాడటానికి, ఆఫీసులో పని చేయించుకోవడానికి చక్కగా మాట్లాడతారు. ఒంట్లో బాధ దగ్గరికి వచ్చేసరికే ఆ ఒడియా చాలదు. తెలుగులో నొప్పికి ఎన్ని పేర్లున్నాయి.. పీకు, లాగు, సలుపు, పోటు, తీపు, తిమ్మిరి, మంట, పట్టేయడం! ఒక్కోదానికీ అర్థం వేరు. "నడుం పట్టేసింది" అంటే బహుశా కండరం. "నడుం నుంచి కాలి మడమ దాకా జివ్వున లాగేస్తోంది" అంటే నరం సంగతి చూడాలి. "పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయి, గంట దాకా ముడుచుకోవు" అంటే కీళ్లవాతం పరీక్షలు చేయించాలి. తెలుగు తప్ప మరోటి గట్టిగా రాని ముసలమ్మ ఒడియా డాక్టరు ముందు కూర్చుంటే ఈ మూడూ కలిసి ఒకే మాటవుతాయి.. "అంటా బింధా". అంటే నడుం నొప్పి. అంతే. డాక్టరూ ఒక నొప్పి బిళ్ల రాసి పంపేస్తాడు. ఆయన తప్పని అనలేం. ఆయన చెవిన పడింది అంతే మరి.

ఆ ముసలమ్మే మెడికల్ షాపుకొస్తే "ఏటైంది పిన్నీ?" అని అడిగే కుర్రాడున్నాడు. లైను లేదు, చీటీ లేదు, భాష బెడద లేదు. అందుకే చాలామందికి మెడికల్ షాపే ఆస్పత్రి. దీన్ని మూర్ఖత్వం అనేవాళ్లు ఒక్క పూట ఆ ఓపీ లైన్లో నిలబడి చూస్తే మంచిది. అసలు ప్రశ్న వేరే ఉంది. అంత నమ్మి వచ్చిన మనిషికి ఆ కౌంటరు ఏం చేస్తోంది? "ఏటైంది" అని పలకరించిన నోరు "బీపీ బిళ్ల వేసుకుంటన్నావా?" అని ఎందుకు అడగడం లేదు?

ఆ ఒక్క ప్రశ్నకు అంత పట్టింపు దేనికంటే, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, నిమెసులైడ్, పైరాక్సికామ్.. పేర్లు వేరైనా వీటి పని ఒకటే. ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తయారు కాకుండా అడ్డుకుంటాయి. నొప్పి, వాపు, జ్వరం పుట్టించేవి అవే కాబట్టి బిళ్ల పడగానే హాయిగా ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే అవే రసాయనాలు కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడుతుంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తగ్గకుండా నాళాలను తెరిచి పట్టుకునేవీ అవే. నొప్పిని ఆపిన బిళ్లే ఈ కాపలానూ ఆపేస్తుంది. ఆరోగ్యంగా ఉండి, నీళ్లు బాగా తాగేవాడు రెండు రోజులు వాడితే కిడ్నీకి సాధారణంగా ఏమీ కాదు. మే నెల ఎండలో ఎనిమిది గంటలు సముద్రం మీద చెమట కార్చి, గొంతు తడుపుకోను సీసాడు నీళ్లే తాగి, ఒడ్డుకు రాగానే బిళ్ల మింగే మత్స్యకారుడి సంగతి అది కాదు.

బీపీ బిళ్ల విషయం ఇంకా ముఖ్యం. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి బీపీకి చాలామంది వాడుతున్నారు. మంచి మందులు, మానకూడదు. వాటితో పాటు ఒంట్లో నీరు తీసే మందు కూడా కొందరికి ఉంటుంది, ఒక్కోసారి రెండూ ఒకే బిళ్లలో ఉంటాయి. ఈ రెంటి మీద నొప్పి బిళ్ల పడితే మూడూ మూడు వైపుల నుంచి కిడ్నీని నొక్కుతాయి. డాక్టర్లకు ఈ మూడింటి కలయిక బాగా తెలుసు. కిడ్నీ ఉన్నట్టుండి చతికిలపడటానికి అదొక పేరున్న కారణం. పైగా నొప్పి బిళ్ల బీపీని పెంచుతుంది. బీపీ బిళ్ల రాసిన డాక్టరుకు నొప్పి బిళ్ల సంగతి తెలియదు, నొప్పి బిళ్ల అమ్మిన షాపుకు బీపీ సంగతి తెలియదు. రెండూ తెలిసిన మనిషి ఒక్కడే, ఆయన్ను ఎవరూ అడగలేదు.

ఈ మందుల్లో ఒకదాని కథ అందరూ తెలుసుకోదగ్గది. ఒకప్పుడు ఊరి చివర పశువు చస్తే రాబందులు గుంపులుగా దిగేవి. 1990ల నుంచి అవి కనిపించకుండా పోయాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, నొప్పికని పశువులకు పొడిచిన డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో సూదిమందు సీసా 3 మిల్లీలీటర్లకు మించరాదన్నారు. మనిషి రాబందు కాదు, నిజమే. మనిషి ఒళ్లు ఆ మందును బాగానే తట్టుకుంటుంది. కానీ ఒక పిట్ట కోసం సీసా సైజు మార్చిన దేశంలో, అదే మందు మనిషికి అమ్మేటప్పుడు ఒక్క ప్రశ్న అడిగే ఏర్పాటు లేకపోవడం చిత్రమే.

గంజాం తెలుగువారికి కిడ్నీ మాట కొత్త కాదు. ఇచ్ఛాపురం బరంపురానికి ముప్పై కిలోమీటర్లు లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు.. ఉద్దానం ఊళ్లతో ఇక్కడివారికి పెళ్లిళ్లున్నాయి, పుట్టిళ్లున్నాయి. అక్కడ ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతూనే ఉంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. నొప్పి బిళ్లలే ఉద్దానం జబ్బుకు కారణమని ఎవరైనా తేల్చి చెబితే నమ్మనక్కర్లేదు. నీళ్లు, ఎండ, పురుగుమందులు.. ఎన్నిటినో పరిశీలించినా ఇదీ అని ఒక్కటి తేలలేదు. కానీ దాని పక్కనే ఇంకో మాట ఉంది, అందులో అనుమానం లేదు. ఏ కారణం చేతనైనా ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఈ బిళ్ల తగదు. దెబ్బతిన్న సంగతి మనిషికి తెలియదు కూడా. కిడ్నీ పనితనం సగం దాకా తగ్గేవరకు రక్తంలో క్రియాటినిన్ అంకె మామూలుగానే కనిపించవచ్చు. నొప్పి ఉండదు, మూత్రం వస్తూనే ఉంటుంది. ఉద్దానం పుట్టిల్లుగా ఉన్న కోడలు నడుం నొప్పి అంటే ఇంట్లో పెద్దలు బిళ్ల తెప్పించే ముందు ఒక రక్తపరీక్ష చేయించడం న్యాయం.

"గ్యాస్ బిళ్ల కూడా ఇస్తున్నాంగా" అని షాపులవాళ్లు అంటారు. జనం కూడా అదే ధీమాతో ఉన్నారు. ఆ బిళ్ల ఆమ్లాన్ని తగ్గించి కడుపులో పుండు పడకుండా చాలావరకు కాస్తుంది. కిడ్నీకి అది చేసేదేమీ లేదు. గుండెకూ చేసేదేమీ లేదు. 2004లో రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందును గుండెపోట్ల కారణంగా ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అప్పట్లో కడుపుకు సురక్షితమని చెప్పుకుని అమ్మిన మందు అది! గుండె జబ్బున్నవారికి డైక్లోఫెనాక్ ఇవ్వరాదని 2013లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ చెప్పింది. గుండెకని రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు పైన నొప్పి బిళ్ల కూడా వేసుకుంటే కడుపులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. తారులా నల్లగా విరేచనమైతే "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకోరాదు, అది రక్తం కావచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

కత్తెర గురించి కూడా ఒక మాట చెప్పాలి. స్ట్రిప్పు కత్తిరిస్తే చాలాసార్లు పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి. కొన్న మనిషి చేతిలో మిగిలేది రంగు ఒక్కటే. అందుకే "ఎర్ర బిళ్ల", "పొడుగు బిళ్ల" అని అడుగుతారు. ఒక షాపులో ఎర్ర బిళ్ల, మర్నాడు ఇంకో షాపులో పచ్చ బిళ్ల.. రెండింటిలోనూ ఉన్నది ఎసిక్లోఫెనాకే కావచ్చు. ఒకటి పని చేయలేదని రెండోది వేసుకుంటే డోసు రెట్టింపయింది, మనిషికి తెలియదు. చాలా బిళ్లల్లో పారాసిటమాల్ కూడా కలిపే ఉంటుంది. జ్వరానికని వేరేగా పారాసిటమాల్ వేసుకుంటే అదీ రెట్టింపే. సాయంత్రం మందు కొట్టే అలవాటున్నవాడికి అది లివరు మీద పడుతుంది. ఇలా కలిపి అమ్మే బిళ్లల్లో అక్కర్లేనివి చాలానే ఉన్నాయి. 2024 ఆగస్టులో కేంద్రం 156 రకాల కలయిక మందులను నిషేధించినప్పుడు అందులో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన ఒక రకం కూడా ఉంది. వాపు తగ్గుతుందని నొప్పి బిళ్లలో కలిపే సెరాషియోపెప్టిడేజ్ సంగతి మరీ విడ్డూరం. దాన్ని పుట్టించిన జపాన్‌లోనే పని చేస్తున్నట్టు రుజువు కాక 2011లో కంపెనీ వెనక్కి తీసుకుంది. ఇక్కడ దానికీ డబ్బు ఇచ్చి కొంటున్నారు.

వీటన్నిటినీ మించింది పొట్లం. నాలుగైదు రంగుల విడి బిళ్లలు ఒక కాగితంలో చుట్టి "పూటకొకటి వేసుకో, రేపటికి లేచి పరిగెడతావు" అని ఇచ్చే పొట్లం. అందులో చిన్న తెల్ల బిళ్ల స్టెరాయిడ్ అయితే నిజంగానే లేచి పరిగెడతాడు. ఆకలి వేస్తుంది, నొప్పి మాయమవుతుంది. అందుకే మళ్లీ అదే పొట్లానికి వస్తాడు. నెలల తరబడి వాడితే సుగరు వస్తుంది, ఎముకలు గుల్లవుతాయి, మొహం ఉబ్బుతుంది. ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పేరు లేని బిళ్ల ఎంత తక్కువకు వచ్చినా తీసుకోకూడదు. దీనిలో బేరం లేదు.

పిల్లలకు, గర్భిణులకు ఈ బిళ్లలు పెద్దల నోటి మాట మీద తేవడం అసలే పనికిరాదు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. అయిదో నెల దాటిన గర్భిణికి నొప్పి బిళ్ల లోపలి బిడ్డ కిడ్నీకి తగులుతుంది. నెలసరి నొప్పికి ఆడపిల్లలు వాడే మెఫెనామిక్ యాసిడ్‌తో అరుదుగా ఒంటి మీద దద్దుర్లు, జ్వరంతో తీవ్రమైన ఎలర్జీ రావచ్చని 2023 నవంబరులో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. భయపడి మానేయమని కాదు, దద్దుర్లు వస్తే ఆపి డాక్టరు దగ్గరికి పరిగెత్తమని. వర్షాకాలం జ్వరాల్లో మరో జాగ్రత్త ఉంది. డెంగీ అయితే ఈ బిళ్లలు రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ మోతాదులో.

ఇక చట్టం సంగతి. డైక్లోఫెనాక్ వంటివి షెడ్యూల్ హెచ్ మందులు. రిజిస్టర్డ్ డాక్టరు చీటీ మీదే అమ్మాలి. ఆ మాట స్ట్రిప్పు వెనక ఇంగ్లిషులో ఉంటుంది. బరంపురం అప్పడాల పీట ముందు కూర్చున్నామె ఇంగ్లిషు చదవదు, ఆమెకు ఒడియా కూడా అక్షరాల్లో రాకపోవచ్చు. చట్టాన్ని రేపటి నుంచి అక్షరాలా అమలు చేస్తామని డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు బయల్దేరితే నాలుగు షాపులకు తాళం పడుతుంది, వారం తిరిగేసరికి అంతా మామూలే. మధ్యలో నష్టపోయేది కూలివాడే. చీటీ కోసం మూడొందలు ఫీజు కట్టలేక, పొట్లం ఇచ్చేవాడి దగ్గరికి పోతాడు. చీటీ లేనిదే ఒక్క బిళ్ల కూడా ఇవ్వరాదనే వాదన వినడానికి బాగుంటుంది గానీ, పక్కన డాక్టరును, తెలుగు తెలిసిన నర్సును నిలబెట్టకుండా ఆ వాదన చేసేవారికి ఈ బస్తీల సంగతి తెలియదనుకోవాలి.

మెడికల్ షాపు యజమానుల జవాబు ఒకటుంది. "మేం నాలుగు ప్రశ్నలడిగితే చిరాకుపడి పక్క షాపుకు పోతారు. అక్కడ అడగకుండా ఇస్తారు. నష్టం మాకే." ఇది సాకు కాదు. నిజమే. అందుకే ఒక్క షాపు మంచితనంతో అయ్యే పని కాదిది. ఊళ్లోని మందుల షాపుల సంఘం కూర్చుని అందరూ ఒకేసారి మొదలు పెట్టాలి. ఎవరికి ఈ బిళ్ల? బీపీకి, సుగరుకి, గుండెకి ఏమైనా వాడుతున్నారా? కడుపులో పుండు గాని, కిడ్నీ జబ్బు గాని ఉందా? ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నారు? నిమిషం పట్టదు. మూడు రోజులు దాటినా నొప్పి తగ్గలేదంటే నాలుగో రోజు బిళ్ల ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి పంపడం, తొలిసారి వచ్చినవారికి పైపూత మందు ముందు చూపించడం షాపువాళ్లు చేయగలరు. పూత ఒంట్లోకి ఎక్కేది చాలా తక్కువ. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు పనిగానే ఉంది. కొత్తగా ఎవరూ భారం మోపడం లేదు. ఆ ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడి, మనిషి మాత్రం కౌంటర్లో లేకపోవడమే అసలు జబ్బు.

ఉగాదికి పంచాంగ శ్రవణం, కార్తీకంలో వనభోజనం ఘనంగా జరిపే తెలుగు సంఘాలు ఇక్కడ తక్కువేమీ లేవు. తెలుగు బడులు మూతపడుతున్నాయని, తెలుగు బోర్డులు పోతున్నాయని సభల్లో బాధపడతారు. ఆ బాధ న్యాయమే. అయితే ఒక ముసలమ్మకు తన నొప్పి తన మాటలో చెప్పుకునే చోటు చూపడం కూడా భాషా సేవే. ఏడాదికో సన్మానం ఖర్చుతో ఈ ఊరి మెడికల్ షాపులన్నిటికీ తెలుగు, ఒడియా రెండింటిలో ఆ నాలుగు ప్రశ్నలూ అచ్చు వేసిన అట్ట ఒకటి ఇవ్వొచ్చు. నెలకో ఆదివారం తెలుగు తెలిసిన డాక్టరును, ల్యాబు మనిషిని మత్స్యకారుల పల్లెకు తీసుకెళ్లి బీపీ, క్రియాటినిన్ చూడొచ్చు. పెద్దాసుపత్రి ఓపీ దగ్గర వారానికి రెండు రోజులు ఇద్దరు కాలేజీ పిల్లలు కూర్చుని "లాగుతోంది"కి, "సలుపుతోంది"కి ఒడియాలో తేడా చెప్పి పంపినా డాక్టరుకు సగం పని తేలికవుతుంది.

అప్పటిదాకా ఇంట్లో చేసుకోగలిగింది ఒకటుంది. నొప్పి బిళ్ల కోసం షాపుకు పంపేటప్పుడు ఆ మనిషి రోజూ వేసుకునే బిళ్లల స్ట్రిప్పులన్నీ ఒక సంచీలో వేసి ఇచ్చి పంపాలి. పేరు చదవడం రాకపోయినా పర్వాలేదు, సంచీ కౌంటరు మీద పెట్టి "వీటితో ఇది పడుతుందా?" అని అడిగితే చాలు. షాపువాళ్లు కూడా కవరు మీద 1-0-1 అని గీసే చోటే బిళ్ల పేరు, ఎన్ని రోజులన్నది తెలుగులో రెండు ముక్కలు రాసి ఇవ్వొచ్చు. కవర్లు అచ్చు వేయించేది ఎలాగూ వాళ్లే.